గోడమీద 24 గంటలూ వెలిగే డ్యాష్‌బోర్డుకి రాస్ప్‌బెర్రీ పై బోర్డా, మినీ పీసీయా, టీవీ ఒక్కటే చాలా?

మిల్లు_ఐటీ, రాయగడ:
మిల్లు ఆఫీసులో కాటా తూకాలు, షిఫ్టు ఉత్పత్తి, మోటార్ల లోడు చూపించే గ్రఫానా (గ్రాఫుల సాఫ్ట్‌వేర్) పేజీ మూడు గోడలమీద రాత్రింబవళ్లు కనబడాలి. తెరలు 43 అంగుళాలవి. రాత్రి షిఫ్టులో కీబోర్డు ముట్టుకునేవాళ్లు ఉండరు. వేసవి గాలివానలకి కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. స్మార్ట్ టీవీలో బ్రౌజర్ ఉందిగా, ఇంకేం కావాలని యాజమాన్యం. ఒకరు రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటరు బోర్డు అంటారు, ఒకరు పాత మినీ పీసీ అంటారు. ఏది నిలబడుతుంది?

సెకండ్‌హ్యాండ్_మినీ, జయపురం:
టీవీ బ్రౌజర్ మాట వదిలేయండి మాష్టారూ. కరెంటు వచ్చాక చాలా టీవీల్లో ఆ పేజీ తనంతట తాను తెరుచుకోదు. రోజుల తరబడి నడిస్తే మెమరీ నిండి చచ్చిపోతుంది.

పాత ఆఫీసు మినీలు కొనండి. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవో టైనీ, ఏదైనా పర్లేదు. 8 జీబీ ర్యామ్, చిన్న ఎస్ఎస్‌డీ చాలు. బయాస్‌లో (మిషను మూల సెట్టింగుల్లో) చెయ్యాల్సింది ఒక్కటే: కరెంటు రాగానే మిషను దానంతటదే ఆన్ కావాలి. డెల్‌లో 'ఏసీ రికవరీ', హెచ్‌పీ, లెనోవోల్లో 'ఆఫ్టర్ పవర్ లాస్'. ఇంటెల్ ఎన్100 చిప్పున్న కొత్త మినీల్లో కొన్నిట 'స్టేట్ ఆఫ్టర్ జీ3' అని ఉంటుంది, దాన్ని 'ఎస్0' (అంటే ఆన్) చెయ్యాలి. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే లోపలి సీఆర్2032 బటన్ సెల్లు మార్చాకే గోడకెక్కించండి. సెల్లు చచ్చిపోతే కొన్ని మోడళ్లు కరెంటు పోయినప్పుడు ఈ సెట్టింగునే మర్చిపోతాయి.

విండోస్ వద్దు, డెబియన్ లినక్స్ వెయ్యండి. విండోస్‌లో అప్‌డేట్ కోసం రీస్టార్ట్ కావద్దని చెప్పే 'యాక్టివ్ అవర్స్' 18 గంటలకి మించి పెట్టనివ్వదు. మిగతా 6 గంటల్లో ఎప్పుడైనా రీస్టార్ట్ అవ్వొచ్చు.

పై_పక్షం, బరంపురం:
పై చెడింది అనేవాళ్లలో ఎక్కువమంది ఫోను ఛార్జరు పెట్టినవాళ్లే. పై 4కి 5 వోల్టులు 3 ఆంపియర్లు, పై 5కి 5 ఆంపియర్లు కావాలి. సొంత అడాప్టరే కొనాలి. వోల్టేజి 4.63 కిందికి దిగితే తెరమీద మెరుపు గుర్తు వస్తుంది. దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే తర్వాత పోయేది ఎస్‌డీ కార్డు. కార్డుకి మందు కూడా ఉంది: పై సెట్టింగుల మెనూ రాస్పీ కాన్ఫిగ్‌లో 'ఓవర్‌లే ఫైల్ సిస్టమ్' ఆన్ చేస్తే రాతలన్నీ ర్యామ్‌లోనే జరుగుతాయి. కరెంటు ఎన్నిసార్లు పోయినా కార్డుమీద ఏదీ సగంలో ఆగదు.

ఇక మినీ పీసీ అన్నగారు చెప్పనిది ఒకటి. కరెంటు వచ్చాక చాలా టీవీలు ఎర్రలైటుతో స్టాండ్‌బైలోనే ఉండిపోతాయి. పెట్టె లేచినా తెర నల్లగానే ఉంటుంది. పై అయితే హెచ్‌డీఎంఐ తీగలోంచే సీఈసీ అనే సంకేతం ద్వారా టీవీని లేపగలదు, కావాలంటే పడుకోబెట్టగలదు. మామూలు మినీ పీసీల్లో ఆ సౌకర్యం సాధారణంగా ఉండదు, యూఎస్‌బీ అడాప్టరు వేరే కొనుక్కోవాలి.

సెకండ్‌హ్యాండ్_మినీ, జయపురం:
ఓవర్‌లే బాగానే ఉంది గానీ గడియారం సంగతేటి? పై 4లో గడియారం చిప్పే లేదు. పై 5లో చిప్పు ఉన్నా బ్యాటరీ వేరే కొనాలి. ఓవర్‌లే ఆన్‌లో ఉంటే చివరి టైము కార్డుమీద దాచుకోదు కాబట్టి ప్రతి బూటుకీ ఓవర్‌లే పెట్టిన రోజు తేదీకే వెళ్తుంది. ఫైబర్ మోడెం లేచేలోగా బ్రౌజర్ తెరుచుకుంటే సైటు సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలవ్వలేదని ఎర్రపేజీ. అది దానంతటది రీలోడ్ అవ్వదు. పొద్దున్న ఎవరో వచ్చేదాకా అదే డ్యాష్‌బోర్డు.

పై_పక్షం, బరంపురం:
ఒప్పుకుంటాను. టైము సరయ్యాకే క్రోమియం బ్రౌజర్ మొదలయ్యేలా సర్వీసుకి షరతు పెట్టాలి. గ్రఫానా మిల్లులోపలి సర్వరులోనే సర్టిఫికెట్ అక్కర్లేని మామూలు హెచ్‌టీటీపీ మీద నడిస్తే ఈ గొడవే లేదు. క్రోమియంని మాత్రం, ఏ పెట్టెలోనైనా, రోజూ తెల్లవారుజామున ఒకసారి మూసి తెరిపించండి.

వైరింగ్_పర్లాకిమిడి:
మీరిద్దరూ పెట్టెల గురించి కొట్టుకుంటున్నారు. ముందు కాలేది టీవీ, మోడెం.

మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ ఊడితే సింగిల్ ఫేజు ప్లగ్గుకి 230 బదులు 400 దరిదాపుల్లో రావచ్చు. స్పైక్ బోర్డు దాన్ని ఆపలేదు. ఓవర్ అండర్ వోల్టేజి ప్రొటెక్టరు పెట్టండి, 270 దాటితే కోసేది, తిరిగి కలపడానికి 2, 3 నిమిషాలు ఆగేది. మోడెంని మాత్రం ఈ ఆలస్యం లేకుండా యూపీఎస్ మీద ఉంచండి. అప్పుడు పెట్టెలు లేచేసరికి నెట్టు సిద్ధంగా ఉంటుంది, పై గడియారం గోల కూడా చాలావరకు తీరుతుంది.

టీవీలని యూపీఎస్‌కి తగిలించకండి. 600 వీఏ యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టులు 7 ఏహెచ్ బ్యాటరీ. దానిమీద టీవీ పెడితే అరగంట కూడా రాదు. పెట్టెలు, మోడెం అయితే గంట పైచిలుకు లాగుతాయి.

యూపీఎస్ యూఎస్‌బీ తీగ పెట్టి షట్‌డౌన్ చేయించే తెలివి ఇక్కడ వద్దు. పెట్టె షట్‌డౌన్ అయింది, యూపీఎస్ పూర్తిగా ఆగకముందే కరెంటు వచ్చేసింది అనుకోండి. పెట్టె దృష్టిలో కరెంటు పోనేలేదు, ఇక లేవదు. రాతలు లేని సిస్టం అయితే అలాగే ఆగిపోనివ్వండి.

కాటా గదికి బయటినుంచి ల్యాన్ తీగ లాగారా? పిడుగు పక్కన ఎక్కడ పడినా రెండు చివర్లా పోర్టులు పోవచ్చు. ఫైబర్ ముక్క, ల్యాన్‌ని ఫైబర్‌కి మార్చే రెండు మీడియా కన్వర్టర్లు పెట్టుకోండి.

మిల్లు_ఐటీ, రాయగడ:
తెర మామూలు టీవీయే చాలా, సైనేజ్ ప్యానెల్ (షాపుల్లో ప్రకటనలకి పెట్టే తెర) కొనాలా?

పై_పక్షం, బరంపురం:
24 గంటలూ అంటే సైనేజ్‌దే. అందులోనూ రోజుకి 16 గంటలు నడిచే 16/7, 24 గంటలూ నడిచే 24/7 అని రెండు రకాలు, స్పెక్ షీటులో చూడండి. మామూలు టీవీకి ఆఫీసు వాడకమని తేలితే వారంటీ ఇవ్వని కంపెనీలు చాలా ఉన్నాయి. టీవీయే పెడితే 4 గంటలకి ఆగిపోయే ఆటో పవర్ ఆఫ్ తీసేయండి, బ్యాక్‌లైట్ సగానికి దించండి. ముందు పోయేది బ్యాక్‌లైట్ ఎల్ఈడీ పట్టీలే. ఓఎల్ఈడీ అసలు వద్దు, గ్రాఫు గీతలు శాశ్వతంగా అచ్చుపడిపోతాయి.

మిల్లు_ఐటీ, రాయగడ:
అయితే ఆఫీసు గోడలు రెండిటికీ సైనేజ్ తెర, మినీ పీసీ. కాటా గదికి టీవీ, పై 4, సీఈసీ.

సెకండ్‌హ్యాండ్_మినీ, జయపురం:
కాటా గదికైనా మినీయే నయం అంటాను. సరే, పై 4యే పెడితే ఫ్యాను లేని అల్యూమినియం కేసు పెట్టండి బాబూ. లారీల దుమ్ముకి చిన్న ఫ్యాను త్వరగా పట్టేస్తుంది, 80 డిగ్రీలు దాటాక పై తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గోడకెక్కించేముందు బల్లమీద మెయిన్ స్విచ్చి పదిసార్లు ఆపి వెయ్యండి, మోడెంతో సహా.