కౌటిల్యుడి ‘స్వామి’, హాబ్స్ ‘సార్వభౌముడు’ ఒకటేనా?

నమస్కారమండి. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి. ఎం.ఏ. రాజనీతిశాస్త్రం ప్రైవేటుగా కడుతున్నాను. అడుగుదామంటే దగ్గరలో మాస్టారు ఎవరూ లేరు.

అర్థశాస్త్రంలో కౌటిల్యుడు చెప్పిన రాజ్యానికి ఏడు అంగాలు: స్వామి (రాజు), అమాత్యులు (మంత్రులు, అధికారులు), జనపదం, దుర్గం (కోట), కోశం (ఖజానా), దండం (సైన్యం), మిత్రుడు (మిత్రరాజు). రాజ్యమంటే ఏమేం ఉండాలో చెప్పిన 1933 నాటి అంతర్జాతీయ మాంటెవీడియో ఒప్పందంలో నాలుగే: స్థిర జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు పెట్టుకునే సామర్థ్యం. జనపదంలో నేలా, జనమూ రెండూ వస్తాయి కాబట్టి అంతవరకు పోలిక కుదిరింది.

చిక్కంతా ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ దగ్గరే. 1651లో ఆయన రాసిన దాని ప్రకారం, చావు భయంతో జనం తమలో తాము ఒడంబడిక చేసుకుని సార్వభౌముణ్ణి, అంటే అందరిపైనా తిరుగులేని అధికారం ఉండే పాలకుణ్ణి, నిలబెడతారు. స్వామి మాత్రం ఏడింటిలో ఒక అంగం, ముఖ్యమైనదే అయినా. మరి ఇద్దర్నీ పోల్చి రాస్తే తప్పవుతుందా? పైగా మన ‘రాజ్యం’ అనే మాటకి ‘స్టేట్’ అనే అర్థంతో పాటు రాజు పాలించే దేశమనే అర్థం కూడా ఉంది, అదొక గందరగోళం.

వచ్చే నెలే పరీక్ష, చాలా టెన్షన్‌గా ఉంది. చదివినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.