ఏటూరునాగారం అడవి కోలుకునే శక్తిని మోడల్ చేస్తున్నా, మనుషుల్ని ఎట్లా పెట్టాలి?

ఓరుగల్లు_అడవి:
అందరికీ నమస్కారం. వరంగల్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏటూరునాగారం అభయారణ్యం, తాడ్వాయి వైపు అడవులు నా స్టడీ ఏరియా. నిప్పు, కరువు, గాలివాన లాంటి దెబ్బ తగిలాక ఈ అడవి మళ్లీ లేచే శక్తి తగ్గుతోందా అనేది నా ప్రశ్న. 2000 నుంచి ఉన్న మోడిస్ (నాసా ఉపగ్రహ పరికరం) ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనాన్ని చూపే అంకె, తీసుకుని, సీజన్ ప్రభావం తీసేసి, మిగిలిన హెచ్చుతగ్గుల్లో ఆటోకోరిలేషన్ (ముందటి విలువతో పోలిక) పెరుగుతోందా అని చూస్తున్నాను. అమెజాన్ మీద 2022లో వచ్చిన పేపర్‌లో వాడిన సూత్రమే, కోలుకోవడం నెమ్మదించిన అడవిలో ఈ నెల తేడా పోయిన నెల తేడాను ఎక్కువగా పోలి ఉంటుంది.

ఇబ్బంది మనుషుల దగ్గర వస్తోంది. చాలామంది చేసేది జనసాంద్రత, రోడ్డు నుంచి దూరం, ఊరి నుంచి దూరం అని మూడు కాలమ్‌లు పెట్టడం. అంటే మనిషి ఎంత దగ్గరుంటే అంత నష్టం అని మొదటే తేల్చేసినట్టు. ఫీల్డ్‌లో నాకు అట్లా కనబడలేదు, కొన్ని ఊళ్లకు ఆనుకునే మంచి అడవి ఉంది, ఎంతో లోపల ఉన్న చోట బోసిపోయింది. దీన్ని మోడల్‌లోకి ఎట్లా తేవాలి, ఊళ్లలో ఏం అడగాలి, చెప్పగలరా?

పిక్సెల్_గుంట:
ముందు డేటా. మోడిస్ 250 మీటర్ల పిక్సెల్ అంటే పదిహేను ఎకరాలు. రెండెకరాల పోడు, పక్కన టేకు, నడుమ వాగు, అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల పిక్సెల్ దాదాపు తొమ్మిది గుంటలు, మన దగ్గరికి అదే నయం, కానీ ఒక్కో ఉపగ్రహం 16 రోజులకోసారే వస్తుంది, వానాకాలం అంతా మబ్బులు, ఆటోకోరిలేషన్ లెక్కకు పాయింట్లు చాలవు. అమెజాన్ వాళ్లు వాడిన వీఓడీ (మైక్రోవేవ్‌తో మొక్కల్లోని నీటిని పట్టే ఉపగ్రహ కొలత) జోలికి పోకండి, దాని పిక్సెల్ 25 కిలోమీటర్లు, 806 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం మొత్తం ఒకటి రెండు పిక్సెళ్లలో అయిపోతుంది.

నేనైతే 2024 ఆగస్టు చివర తాడ్వాయి, మేడారం మధ్య వచ్చిన గాలిని పట్టుకుంటాను. 50 వేలకు పైగా చెట్లు కూలాయి. కోలుకునే వేగాన్ని అంచనా వేయడం ఎందుకు, అక్కడ నేరుగా కొలవొచ్చు. దెబ్బ ఒకటే, ఆ తర్వాత పశువులు మేసిన చోట, నిప్పు పడిన చోట, పడిన కలప తీసిన చోట, తీయని చోట ఏం మొలుస్తోందో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో 10 మీటర్ల పిక్సెల్ మీద చూడండి.

ఇంకొకటి. పర్యావరణ శాస్త్రవేత్త హోలింగ్ 1973లో కోలుకునే శక్తి (రెసిలియన్స్) అనే మాట వాడినప్పుడు ఎంత వేగంగా తిరిగి వస్తుంది అని కాదు, ఎంత దెబ్బ తిన్నాక ఇక వేరే రకంగా మారిపోతుంది అని అడిగాడు. మీ ఆటోకోరిలేషన్ చెప్పేది మొదటిదే. మన ఎండుటాకుల అడవిలో ఏటా నిప్పు పడితే పెద్ద చెట్లు బతికే ఉంటాయి, మొలకలు పోతాయి. శాటిలైట్‌కు ముప్ఫై ఏళ్లు పచ్చగానే కనబడుతుంది, ఆ పెద్ద చెట్లు పోయాక వాటి స్థానంలోకి వచ్చేది ఉండదు.

మనుషుల సంగతి: జనసాంద్రత అడవి తీరును చూసి మారదు, మనుషుల నడత మారుతుంది. తునికాకు (బీడీ ఆకు) తగ్గితే ఇంకో చోటికి పోతారు, కూలి దొరికితే అడవికి పోవడం మానేస్తారు. నెట్‌లోగో అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటిని ఒక ఏజెంట్‌గా పెట్టి, ఏ నెల ఏ పని చేయాలో ఆ ఇల్లు తేల్చుకునేలా నియమాలు రాయండి. పది నియమాలు కాదు, రెండో మూడో.

తాడ్వాయి_దారి:
మాది తాడ్వాయి మండలమే, ఆ రెండు మూడు నియమాలు నేను చెప్తాను అక్కా/అన్నా.

నిప్పు ఎవరు పెడతారు అని మాత్రం అడగకండి, కేసు భయంతో ఎవరూ చెప్పరు. ఇప్ప చెట్టు కింద ఎట్లా శుభ్రం చేస్తారు అని అడగండి. మార్చి, ఏప్రిల్‌లో పువ్వు రాలుతుంది, కింద ఎండుటాకు ఉంటే పువ్వు ఏరడం కష్టం. కొందరు ఊడుస్తారు, తీరిక లేనివాళ్లు అంటిస్తారు. ఇంట్లో ఆడవాళ్లు మిర్చి ఏరడానికి పోయిన ఏడాది ఊడ్చే చేతులు ఉండవు. తునికాకు కూడా అంతే. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొడితే లేత చిగురు వస్తుంది, ఆ పనికి కూలి పడని చోట మంట పెడితే కూడా చిగురే వస్తుంది. 50 ఆకులు కడితేనే ఒక కట్ట, కట్టల లెక్కనే డబ్బులు, కాబట్టి ఆకు లేతగా లేకపోతే ఇల్లు నడవదు. మీ మోడల్‌లో ఊరి నుంచి దూరం కన్నా ఆ ఏడాది కొమ్మ కొట్టుడు జరిగిందా లేదా అనేది పెట్టండి.

ఊరి పక్కన అడవి ఎందుకు బాగుందో కూడా ఇందులోనే ఉంది. మా దగ్గర ఫలానా ఇప్ప చెట్టు ఫలానా ఇంటిది అని అందరికీ తెలుసు, పట్టా లేకున్నా. అటు మంట వస్తే ఆ ఇంటివాళ్లే పచ్చి కొమ్మలు విరిచి కొట్టి ఆర్పుతారు. లోపలి అడవికి అట్లా ఎవరూ లేరు. మనుషులు అంటే నష్టం అని రాసే ప్రతి పేపర్ చదివినప్పుడు నాకు బాధ అనిపిస్తుంది, ఆర్పే చేతులు ఏ కాలమ్‌లోనూ ఉండవు.

పాత_బీట్:
ఫారెస్ట్‌లో పనిచేసి రిటైరయ్యాను. పైన చెప్పింది నిజం, అయితే మంట పెట్టేదీ ఊరివాళ్లే, ఆర్పేదీ ఊరివాళ్లే, రెండూ రాయండి, ఒకటే రాస్తే మళ్లీ అబద్ధమే అవుతుంది.

ఫారెస్ట్ సర్వే రిపోర్టుతో మోడల్‌ను సరిచూడకండి. హెక్టారుకు తక్కువ కాకుండా, 10 శాతం కొమ్మల నీడ ఉంటే భూమి ఎవరిదైనా, అది మామిడి తోటైనా, అందులో అడవి విస్తీర్ణం కిందికే వస్తుంది. డివిజన్ ఆఫీసులో వర్కింగ్ ప్లాన్ (అడవి నిర్వహణ ప్రణాళిక) అడగండి, కంపార్ట్‌మెంట్ (అడవిని విడగొట్టిన భాగం) వారీగా గతంలో చెట్లు కొట్టిన వివరాలు ఉంటాయి. తర్వాత నేల మీద కూర్చుని మొలకలు లెక్కపెట్టండి, మోకాలెత్తువి వేరే, మనిషెత్తువి వేరే. టేకు కాలినా మోడు నుంచి పిలకలు వేస్తుంది కాబట్టి టేకును చూసి అడవి కోలుకుంది అనుకోవద్దు. నల్లమద్ది, ఏగిస మొలకలు మోకాలు దాటుతున్నాయా అనేదే చూడాలి. లాంటానా పొదలు పైనుంచి మంచి పచ్చగా కనబడతాయి, అది కూడా ప్లాట్‌లో విడిగా రాయండి.

ఓరుగల్లు_అడవి:
చాలా థాంక్స్ అందరికీ. కొమ్మ కొట్టుడు జరిగిన తునికాకు యూనిట్లు (ఆకు సేకరించే ప్రాంతాలు), జరగనివి పక్కపక్కన పెట్టి, వీఐఐఆర్‌ఎస్ (ఉపగ్రహ పరికరం) గుర్తించిన నిప్పు పాయింట్లు 2012 నుంచి ఉన్నాయి కదా, వాటితో కలిపి చూస్తాను. మొలకల ప్లాట్లు గాలికి కూలిన చోటా, కూలని చోటా వేస్తాను. ఊళ్లకు ఎప్పుడు వస్తే మంచిది?

తాడ్వాయి_దారి:
జనవరిలో రండి. ఇప్ప పువ్వు మొదలైతే తెల్లవారకముందే అడవికి పోతారు, ఆ తర్వాత తునికాకు కల్లాలు, మే దాకా మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మొదట ఊరి పెద్దల దగ్గర కూర్చోండి, ఫారం తీయకుండా ఒక పూట ఊరికే మాట్లాడండి. ఇప్ప చెట్లు ఏవి ఎవరివో మ్యాప్ మీద వాళ్లతోనే గుర్తు పెట్టించండి, కానీ ఇంటి పేర్లు మాత్రం పేపర్‌లో వేయొద్దు.