గ్రహాంతర భాష నేర్చుకుంటే కాలం మనకు వేరుగా తోస్తుందా?

ప్రశ్న

మిత్రులకు నమస్కారం. వేరే గ్రహం నుండి వచ్చిన జీవుల రాతలో వాక్యానికి మొదలూ తుదీ లేవనీ, భావమంతటినీ ఒకే గుండ్రని గుర్తుగా రాస్తారనీ అనుకుందాం. అటువంటి భాషను ఏళ్ల తరబడి అభ్యసించిన మనిషికి నిన్న, నేడు, రేపు అనే వరుస చెదిరిపోయి, రాబోయేది ముందే కనబడుతుందా? హైదరాబాదులో చిన్నప్పుడు హిందీ నేర్చుకుంటూ, ‘కల్’ అనే ఒకే మాట నిన్నకూ రేపటికీ చెల్లుతుందని తెలిసి నేను ఆశ్చర్యపోయాను. అయినా ఆ భాష మాట్లాడేవారెవరూ నిన్నను రేపనుకోరు, క్రియను బట్టి గ్రహిస్తారు. మరి కాలాన్ని గురించిన మన ఊహను భాష ఎంతవరకు మార్చగలదు?

మొదటి జవాబు

ఈ చర్చను బెంజమిన్ లీ వోర్ఫ్‌తో మొదలుపెట్టాలండి. అగ్ని బీమా సంస్థలో ఉద్యోగం చేస్తూ భాషాశాస్త్రం చదువుకున్న ఆయన, అమెరికాలోని అరిజోనాలో ఉండే హోపీ తెగవారి భాషలో మనం కాలమని పిలిచేదాన్ని సూచించే మాటలుగానీ వ్యాకరణ రూపాలుగానీ లేవని 1930లలో ప్రతిపాదించారు. ఆ మాట ఎంతో ప్రచారం పొందింది. కానీ భాషావేత్త ఎక్కెహార్ట్ మలోట్కి 1983లో 600 పేజీలకు మించిన గ్రంథంలో, హోపీలు రోజులనూ ఋతువులనూ ముందువెనుకలనూ ఎలా చెబుతారో ఉదాహరణలతో సహా చూపించారు. కనుక కొత్త భాష వస్తే భవిష్యత్తు కనబడుతుందన్న ఊహను నేను అంగీకరించలేను. రేపటి సంగతిని వ్యాకరణం పుట్టించలేదు.

రెండవ జవాబు

పై హెచ్చరిక సరైనదే. అయితే భాష కాలాన్ని ఎక్కడ నిలబెడుతుందన్నది వేరే ప్రశ్న, అందులో దాని ప్రభావం బలంగానే కనిపిస్తుంది. ఆండీస్ పర్వత ప్రాంతంలో మాట్లాడే ఐమారాలో ‘నయ్రా’ అంటే కన్ను, ఎదురు, గతం కూడా. ‘ఖిపా’ అంటే వెనుక, భవిష్యత్తు కూడా. రఫాయెల్ నూన్యెస్, ఈవ్ స్వీట్సర్ 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, స్పానిష్ అంతగా రాని వృద్ధులు పాత సంగతులు చెబుతూ చేతిని ముందుకు చాచేవారు, రాబోయేదాన్ని భుజం మీదుగా వెనక్కి చూపేవారు. స్పానిష్ బాగా వచ్చిన యువకుల చేతులు మనలాగే కదిలాయి. ఐమారాలో మాట్లాడేవారు తాము కళ్లారా చూసినదాన్నీ చూడనిదాన్నీ వేరుచేసి చెప్పాలి. చూసినది కళ్లెదుట ఉంటుంది, చూడనిది వీపు వెనుక ఉంటుంది.

మన ‘ముందు’ను కూడా గమనించండి. ‘ముందే చెప్పాను కదా’ అంటే గతం, ‘ముందు ముందు తెలుస్తుంది’ అంటే భవిష్యత్తు. ఒకే మాటను రెండు వైపులా తిప్పుతున్నా మనకు తికమక కలగదు.

మూడవ జవాబు

నేను ఆ గుండ్రని గుర్తు గురించే చెబుతాను, ఎందుకంటే కొన్నేళ్లుగా బంధకవిత్వం, అంటే పద్యంలోని అక్షరాలు ఒక బొమ్మలో ఇమిడేలా కూర్చే కవిత్వం, అభ్యసిస్తున్నాను. చక్రబంధంలో మొదటి మూడు పాదాలు చక్రానికి అడ్డంగా సాగుతూ నాభి దగ్గర ఒకే అక్షరాన్ని పంచుకుంటాయి. నాలుగో పాదం అంచు వెంట తిరుగుతూ ఆ మూడింటి కొసల అక్షరాలను తనలో కలుపుకుంటుంది. అందువల్ల మొదటి పాదం కొసన ఒక అక్షరం వేసిన క్షణానే, ఇంకా పుట్టని నాలుగో పాదంలో ఒక చోటు ఖాయమైపోతుంది. ఆ పనిలో మునిగినప్పుడు పద్యం ఒకదాని తర్వాత ఒకటిగా నడిచేదిగా కాక, మొత్తంగా ఎదుట నిలిచిన బొమ్మగా తోస్తుంది. గ్రహాంతర భాష మనిషిని మార్చేది ఇక్కడేనని నా నమ్మకం: అక్కడ మొదటి గీత గీయడానికి ముందే చివరి గీత తెలిసి ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండి. కాగితం పక్కన పెట్టిన తర్వాత కూడా ఆ అనుభూతి మిగులుతుందా?

మూడవ జవాబు రాసినవారు

కాలం విషయంలో మిగలదండి, గంటలు ఎప్పటిలాగే గడుస్తాయి. వినడంలో మాత్రం తేడా వచ్చింది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కనుక, ‘ఆయన నిన్న ఊరికి’ అని ఎవరైనా మొదలుపెడితే, వెళ్ళారో వెళ్ళలేదో వాక్యం ముగిసే దాకా తెలియదు. పూర్వం నేను తొందరపడి ఊహించుకునేవాణ్ణి, ఇప్పుడు చివరి మాట దాకా ఆగుతున్నాను.