స్థానిక క్రీడా విలేకరులకు, కామెంటేటర్లకు ఏటా అవార్డులు: ఎంపిక ఎలా చేయాలి?

క్లబ్_కార్యదర్శి

అందరికీ నమస్కారం. మా ఊరి క్లబ్బులన్నీ కలిసి, స్థానికంగా ఆటల వార్తలు రాసేవాళ్లకు, రేడియోలో, యూట్యూబ్‌లో కామెంట్రీ చెప్పేవాళ్లకు ఏటా అవార్డులివ్వాలని అనుకుంటున్నాయి. పెద్ద టోర్నమెంటయితే ఎక్కడెక్కడి నుంచో మీడియా దిగుతుంది. అండర్-14 అథ్లెటిక్స్‌కు, స్కూళ్ల వాలీబాల్ ఫైనల్‌కు వచ్చేది మాత్రం వీళ్లే. ఆ పనికి తగ్గ గౌరవం జరగాలన్నదే మా కోరిక.

అడగాల్సినవి మూడున్నాయి. ఎంపిక ఎవరు చేయాలి, ఎంట్రీలు ఎలా తీసుకోవాలి? లైవ్ కామెంట్రీని దేన్ని బట్టి బేరీజు వేయాలి? కాలం చేసిన కొందరు విలేకరుల, వ్యాఖ్యాతల ఇళ్లలో పాత పేపరు కటింగులు, క్యాసెట్లు ఉన్నాయి, వాటిని సభలో ప్రదర్శనకు పెట్టవచ్చా? ఆరు నెలల టైముంది.

ఆటల_డెస్క్

ముందు జ్యూరీ సంగతి తేల్చుకోండి. విలేకరులు రాసేది మీ క్లబ్బుల గురించే. మీరే ఎంపిక చేస్తే, మీ లెక్కల్లో తేడాలు బయటపెట్టిన విలేకరికి అవార్డు రాదు. మిమ్మల్ని మెచ్చుకుంటూ రాసినవాళ్లకు వచ్చిందా, జనం వాళ్ల రాతల్నే అనుమానిస్తారు. డబ్బు, హాలు మీరు చూసుకోండి, ఎంపిక మాత్రం బయటివాళ్లకు వదిలేయండి. జ్యూరీకి ఐదుగురు చాలు: పత్రిక డెస్కులో (వార్తలు దిద్దే విభాగం) పనిచేసి రిటైరైనవాళ్లు ఇద్దరు, ప్రసార రంగం నుంచి ఒకరు, ఏ క్లబ్బుతోనూ సంబంధం లేని కోచ్ లేదా రిఫరీ ఒకరు, రోజూ ఆటల పేజీ చదివే పాఠకుడొకరు. ఎంట్రీ పంపినవాళ్లలో బంధువో, పాత సహోద్యోగో ఉంటే ముందే రాసివ్వాలి. ఆ చర్చ నడుస్తున్నంతసేపూ గది బయట ఉండాలి.

వందకు మార్కులేసి సగటు తీసే పద్ధతి వద్దు. ఒకాయన 40 నుంచి 95 దాకా వేస్తాడు, మిగతావాళ్లు 70–80 మధ్యే తిరుగుతారు. చివరికి ఫలితం తేల్చేది ఆ ఒక్కాయనే అవుతాడు. ప్రతి జ్యూరీ సభ్యుడూ తన మొదటి ఐదుగురిని వరసగా రాసివ్వాలి. వాటిని కలిపాక పైనున్న ముగ్గురి మీద కూర్చుని మాట్లాడుకోవాలి.

రాసేవాళ్ల నుంచి ఐదు కథనాలు అడగండి. వాటిలో రెండు మ్యాచ్ ముగిసిన రోజే డెడ్‌లైన్‌లో పంపినవై ఉండాలి. ఒకటైనా గెలుపోటములతో పని లేనిది కావాలి: మైదానం డ్రైనేజీ, సెలక్షన్లలో వయసు ధ్రువపత్రాలు, ఆడపిల్లల జట్టుకు బట్టలు మార్చుకునే గది లేకపోవడం, అలాంటివి. స్థానిక విలేకరి లేకపోతే రాయడానికి ఇంకెవరూ ఉండని వార్తలు ఇవే. ఏడాదికొక్కసారి రాసే పెద్ద ఫీచర్ ఎవరైనా బాగానే తీర్చిదిద్దుతారు. రాత్రి తొమ్మిదిన్నరకు పంపిన 200 పదాల రిపోర్టులో మొదటి పేరాలోనే స్కోరుందా, పేర్ల స్పెల్లింగ్ చివరిదాకా ఒకేలా ఉందా, ఓడిన జట్టు గురించి కనీసం రెండు వాక్యాలున్నాయా అని చూడండి. మనిషి పనితనం అక్కడ తెలుస్తుంది.

బైలైన్‌తో, అంటే కథనం మీద వేసే రచయిత పేరుతో, ఒక చిక్కుంది. స్ట్రింగర్ల (ఉద్యోగంలో లేకుండా వార్తలు పంపే విలేకరులు) పేరు చాలాసార్లు అచ్చులో రాదు, వచ్చినా కాపీని డెస్కు తిరగరాసి ఉండొచ్చు. అందుకే పంపిన కాపీ, అచ్చయిన కాపీ రెండూ అడగండి. పేరు లేకుండా వచ్చినవాటికి ఎడిటర్ నుంచి రెండు వాక్యాల లేఖ చాలు. ఎవరి ఎంట్రీ వాళ్లే పంపుకునే వీలు తప్పకుండా ఇవ్వండి, స్ట్రింగర్‌ను నామినేట్ చేసే నాథుడు ఉండడు.

జీవిత సాఫల్యాన్నీ, ఈ ఏటి ఉత్తమ పనినీ ఒకే విభాగంలో కలపకండి. కలిపితే ఏటా సీనియర్లకే పోతుంది. అవార్డుకు ఒకరి పేరు పెట్టే ముందు కూడా బాగా ఆలోచించండి. అమెరికా బేస్‌బాల్ రచయితల సంఘం 1962 నుంచి ఇస్తున్న పురస్కారానికి జె.జి. టేలర్ స్పింక్ పేరుండేది. నల్లజాతి ఆటగాళ్ల విషయంలో ఆయన వైఖరి మీద విమర్శలొచ్చి 2021లో ఆ పేరు తీసేశారు. పని పేరుతోనే అవార్డు పెడితే ఈ తంటా ఉండదు.

మైక్_ముందు

కామెంట్రీకి హైలైట్స్ క్లిప్ అసలు తీసుకోకండి. ఆఖరి బంతికి సిక్స్ పడితే ఎవరి గొంతైనా లేస్తుంది. రెండు పూర్తి మ్యాచ్‌ల రికార్డింగులు ఎడిట్ చేయకుండా పంపమనండి. ఎక్కడ మొదలుపెట్టి వినాలో జ్యూరీ చీటీ తీసి తేల్చాలి, అక్కణ్నుంచి ఏకధాటిగా పది నిమిషాలు వినాలి. ఆట చప్పగా సాగుతున్నప్పుడు ఏం చెబుతున్నారన్నదే అసలు పరీక్ష.

రేడియో అయితే జ్యూరీ చేతిలో తెల్లకాగితం, పెన్సిల్ పెట్టండి. వింటూ బంతి ఎక్కడుందో, ఎవరు ఎటు కదులుతున్నారో గీయగలగాలి. గీయలేకపోతున్నారంటే చెప్పేవాళ్లు ఉత్సాహం చూపిస్తున్నారే తప్ప ఆట చూపించడం లేదన్నమాట. తర్వాత స్కోరు ఎన్ని నిమిషాలకోసారి చెప్పారో గడియారం పెట్టి చూడండి. మధ్యలో రేడియో పెట్టినవాళ్లు స్కోరు కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అమెరికన్ బేస్‌బాల్ వ్యాఖ్యాత రెడ్ బార్బర్ మైక్ దగ్గర గుడ్లు ఉడికించేటప్పుడు వాడే ఇసుక గడియారం పెట్టుకునేవాడు. ఇసుక జారిపోయిందంటే స్కోరు చెప్పి దాన్ని తిప్పి పెట్టేవాడు. అక్కడ బేస్‌బాల్ ప్రసారకర్తలకిచ్చే ఫోర్డ్ సి. ఫ్రిక్ అవార్డు 1978లో మొదలైనప్పుడు మెల్ అలెన్‌తో పాటు అందుకున్నది ఆయనే.

వీడియో ప్రసారాన్ని రేడియో కొలతతో కొలవకండి. తెరమీద కనబడేదాన్నే మళ్లీ చదివితే అది లోపం, సరైన చోట ఊరుకోవడం నైపుణ్యం. రెండింటికీ వేర్వేరు విభాగాలు పెట్టాల్సిందే.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి: ఆడియోలన్నీ ఒకే శబ్దస్థాయికి తెచ్చాకే జ్యూరీకి వినిపించండి. పెద్దగా వినబడేది బాగున్నట్టు అనిపించడం చెవి స్వభావం. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరిచి అన్నిటికీ -23 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్దస్థాయి కొలత) పెడితే నిమిషాల్లో అయిపోతుంది. సభలో వినిపించడానికి 40–60 సెకన్ల ముక్క చాలు. రికార్డింగ్ హక్కులు సాధారణంగా వ్యాఖ్యాతవి కావు, స్టేషన్‌వో నిర్వాహకులవో అయి ఉంటాయి. ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, లేకపోతే సభ వీడియో ఆన్‌లైన్‌లో పెట్టాక తీసేయాల్సి రావచ్చు.

పాత_టేపులు

ప్రదర్శనకు అసలు కాపీలు పెట్టవద్దండి, ప్రింట్లు పెట్టండి. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, వెలుతురు, గాలి తగిలేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. లామినేషన్ చేయిస్తే భద్రమనుకుంటారు గానీ అది మళ్లీ వెనక్కి తీయలేని పని. సెల్లోటేప్ జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక మిగులుస్తుంది. ఇప్పటికే అంటించి ఉన్నవాటిని పీకకండి, అలాగే స్కాన్ చేయండి. కటింగ్ వెనక నల్ల కాగితం పెడితే అవతలి పేజీ అక్షరాలు పైకి కనబడవు. రంగుల్లోనే, 400 డీపీఐ, టిఫ్ ఫైలుగా చేయండి. ఫైలు పేరులో తేదీ, పత్రిక, పేజీ నంబరు వరసగా ఉండాలి. తేదీ లేని కటింగులే ఎక్కువ దొరుకుతాయి. అందులో ఉన్న మ్యాచ్‌ను బట్టి తేదీ పట్టుకోవచ్చు, అది తేలేదాకా "తేదీ తెలియదు" అనే రాయండి, ఊహించి వేయకండి.

క్యాసెట్ల విషయంలో తొందరపడొద్దు. ముందు పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డ్ నొక్కినా పాతది చెరగదు. టేపు మీద తెల్లటి బూజు కనబడితే ప్లేయర్లో పెట్టనే పెట్టకండి, బూజు హెడ్‌కు (ప్లేయర్లో టేపును చదివే భాగం) అంటుకుని తర్వాతి క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. అలాంటివి నిపుణులకే ఇవ్వాలి. బాగున్నవాటికి ముందు హెడ్‌నూ రోలర్‌నూ శుభ్రం చేయండి, హెడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. లోపల టేపు వెనకుండే చిన్న ప్రెషర్ ప్యాడ్ ఊడిపోయిందేమో చూడండి. అది లేకపోతే గొంతు బొంగురుగా, లోతుల్లోంచి వస్తుంది, జనం టేపే పాడైందనుకుని పారేస్తారు. ప్యాడున్న మంచి షెల్‌లోకి (క్యాసెట్ ప్లాస్టిక్ డొప్ప) టేపు మారిస్తే మళ్లీ పలుకుతుంది. సీ-120 (రెండు గంటల) టేపు మరీ పలచన, మాటిమాటికీ ముందుకు వెనక్కు తిప్పకండి.

కంప్యూటర్లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించండి. 48 అయినా పరవాలేదు. మాస్టర్ ఫైలులో నాయిస్ తీసేయకండి. జనం అరుపులు, మైదానంలో విజిల్ ఆ రికార్డులో భాగమే. శుభ్రం చేసిన కాపీ విడిగా పెట్టుకోండి.

క్లబ్_కార్యదర్శి

చాలా ఉపయోగపడింది, కృతజ్ఞతలు. సభ తేదీ, జ్ఞాపిక మీద రాత ఇంకా మిగిలాయి. నగదు ఇవ్వొచ్చా?

ఆటల_డెస్క్

నగదు వద్దనే అంటాను. వార్త ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదని చాలా సంస్థల్లో నియమం ఉంటుంది. ఆ మొత్తంతో కటింగులు, టేపులు డిజిటైజ్ చేయించి ఒక కాపీ వాళ్లకూ, ఒకటి గ్రంథాలయానికీ ఇవ్వండి. ఫొటోగ్రాఫర్లను మరిచినట్టున్నారు, వాళ్లకూ ఒక విభాగం పెట్టండి.

శని, ఆదివారాలు వద్దు, వాళ్లు పనిలో ఉండేది అప్పుడే. 1924 జులై 2న పారిస్‌లో అంతర్జాతీయ క్రీడా పాత్రికేయుల సంఘం ఏర్పడింది. అందుకే ఆ రోజును ప్రపంచ క్రీడా పాత్రికేయుల దినంగా జరుపుతారు. అది పనిదినమైతే సాయంత్రం పెట్టుకోవచ్చు.

జ్ఞాపిక మీద 25–30 పదాలు మించకూడదు. "క్రీడారంగానికి విశేష సేవలు" అని రాస్తే ఎవరికిచ్చినా సరిపోతుంది. ఏ ఆటను ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా కవర్ చేశారో, ఏ కథనం వల్ల ఏం మారిందో రాయండి. చెక్కడానికి ఇచ్చే ముందు పేరు, ఇంటిపేరు, సంవత్సరాలు ఆ మనిషికే పంపి, సరిచూసి సంతకం చేసిన కాగితం వచ్చాకే ఆర్డరివ్వండి.