అప్‌డేట్: కింబర్ కె6ఎస్ రివాల్వర్‌కి అంత ధర పెట్టొచ్చా? తేలిపోయింది

డాలస్‌లో ఉంటున్నాం, ఇంట్లో ఉంచడానికి చిన్న రివాల్వర్ కావాలి, రూగర్ ఎల్‌సీఆర్ అనే తేలికపాటి రివాల్వర్ కంటే 300 డాలర్లకు పైగా ఎక్కువ పెట్టి కింబర్ కె6ఎస్ కొనడం దండగా అని రెండు నెలల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

"కొనేముందు షూటింగ్ రేంజ్‌లో రెండూ అద్దెకు తీసుకుని కాల్చి చూడండి" అన్న సలహానే పనిచేసింది. .38 సైజు తూటాలు వాడే ఎల్‌సీఆర్ బరువు దాదాపు 380 గ్రాములే. ఇరవై రౌండ్లకే మా ఆవిడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కందిపోయింది, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కే ముందే చెయ్యి ముడుచుకుపోయేది. పట్టు మరీ కిందికి ఉందని ఇన్‌స్ట్రక్టర్ సరిచేశాక కొంత నయం, అయినా భయం పోలేదు. కె6ఎస్ ఉక్కుది, సుమారు 650 గ్రాములు. అందులో అదే .38 స్పెషల్ తూటాలు వేస్తే తను హాయిగా కాల్చింది. అయిదుకు బదులు ఆరు తూటాలు పట్టడం అదనపు లాభం.

కె6ఎస్‌లో .38 కంటే శక్తిమంతమైన .357 మాగ్నమ్ తూటాలూ వేయొచ్చు. వాటి శక్తి గురించి నేను అప్పుడు పడ్డ టెన్షన్ అనవసరం, మేం ఆ తూటాలు వాడం. జేబులో పెట్టుకుంటే బరువన్న అప్పటి చర్చా మాకు వర్తించలేదు, మా రివాల్వర్ లాకర్‌లోనే ఉంటుంది. నడుముకు పెట్టుకుని తిరిగేవాళ్లయితే ఎల్‌సీఆరే నయం.

కె6ఎస్ కొన్నాం. పిల్లలున్న ఇల్లు కాబట్టి లాకర్ కూడా అదే రోజు తెచ్చాం.