రూకీ అవార్డు ఇక మొదటి పిక్‌కేనా?

గోదారి గట్టు:
అమెరికా ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ లీగు డబ్ల్యూఎన్‌బీఏలో 2022 నుంచి వరుసగా నాలుగేళ్లు రూకీ ఆఫ్ ది ఇయర్ (ఏడాదిలో మేటి కొత్త ప్లేయర్) అవార్డు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే చోట, మొదటి పిక్‌కే పోయింది. రైన్ హవర్డ్, అలియా బోస్టన్, కైట్లిన్ క్లార్క్, పేజ్ బెకర్స్. క్లార్క్‌కు 67 ఓట్లలో 66, బెకర్స్‌కు 72లో 70. తాంబూలాలు పుచ్చుకున్నాక పెళ్లిచూపులు పెట్టినట్టుంది. కాలేజీలోనే పేరు మోగిపోయినవాళ్లకు ఇంకో కప్పు ఇచ్చి కొత్తగా ఎవర్ని గుర్తించినట్టు? ఎదిగొచ్చే అమ్మాయికి అసలైన గుర్తింపు మోస్ట్ ఇంప్రూవ్డ్ (ఎక్కువ మెరుగుపడినవాళ్లకిచ్చే) అవార్డే అంటాను. కాదనేవాళ్లు రండి.

ఫ్రిస్కో శీను:
నాలుగేళ్ల దగ్గరే ఎందుకు ఆగారండీ? ఇంకో మూడేళ్లు వెనక్కి వెళ్లండి. 2019లో నఫీసా కోలియర్, ఆరో పిక్. 2020లో క్రిస్టల్ డేంజర్‌ఫీల్డ్, 16వ పిక్, అంటే రెండో రౌండు! 2021లో మికేలా ఓన్యెన్వేరే, మళ్లీ ఆరో పిక్. 2020 మొదటి పిక్ సబ్రీనా ఐయోనెస్కుకు మూడో మ్యాచ్‌లో చీలమండ దెబ్బతిని సీజనే పోయింది. ఆడినవాళ్లకే ఇచ్చారు కదా.

బెకర్స్ ఆట మేం ఆర్లింగ్టన్ వెళ్లి చూశాం. ఆమె జట్టు, మా డాలస్ వింగ్స్, 2025లో 44 మ్యాచ్‌లాడి పదే గెలిచింది. అలాంటి జట్టులో ఆమె సగటు మ్యాచ్‌కు 19.2 పాయింట్లు. స్పార్క్స్ జట్టు మీద ఒక్క రాత్రే 44 కొట్టింది. మరి ఓటెవరికి వేయాలంటారు, ఆ ఏడాది ఇంకో రూకీ సోనియా సిట్రన్‌కా? మిగిలిన రెండు ఓట్లూ సిట్రన్‌కే పడ్డాయి లెండి.

ఓరుగల్లు పోరడు:
శీనన్నా, మీ వింగ్స్ ముచ్చటే ఒకటి చెప్త. వెరోనికా బర్టన్‌ను 2022ల ఏడో పిక్‌గ తీస్కున్నది మీరే, 2024ల ఇడిసిపెట్టింది మీరే. కనెక్టికట్‌కు పోతే ఆడ సగటు 3.1. కొత్త జట్టుకు పాత జట్ల నుంచి ప్లేయర్లను ఏరుకోనిచ్చే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ పెడితే, వాళ్లు సుత ఆమెను పోకుండ కాపాడుకునే లిస్టుల పెట్టలే. ఆ కొత్త జట్టు గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ తీస్కపోయి బంతి చేతుల పెట్టిన్రు. 2025ల 11.9 పాయింట్లు, 6 అసిస్టులు, జట్టేమో పుట్టిన ఏడాదే ప్లేఆఫ్స్‌కు! మోస్ట్ ఇంప్రూవ్డ్ ఆమెకే ఇచ్చిన్రు. గట్టు అక్క చెప్పేది గిదే.

ఫ్రిస్కో శీను:
పుండు మీద కారం చల్లావు తమ్ముడూ.

పార్వతీపురం పీడీ:
బర్టన్ కథ నాకూ ఇష్టమే. కానీ నేను హైస్కూల్లో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పేవాణ్ణి, నా అనుమానం వేరు. బెంచీ మీద కూర్చున్న పిల్లను పది నిమిషాలకు బదులు పాతిక నిమిషాలు ఆడిస్తే స్కోరు దానంతటదే పెరుగుతుంది. అప్పుడు మెరుగైంది పిల్లా, కోచ్ బుద్ధా? ఇంకో తిరకాసు కూడా ఉంది. 2022లో ఈ మోస్ట్ ఇంప్రూవ్డ్ ఎవరికిచ్చారు? జాకీ యంగ్‌కు. ఆమె 2019లో మొదటి పిక్! గట్టు గారూ, మీరు పారిపోయొచ్చిన మొదటి పిక్ ఇక్కడా ఎదురైంది చూశారా.

రూకీ అన్న మాటకూ పెద్ద అర్థం వెతక్కండి. బెల్జియం గార్డు జూలీ వాన్‌లూ యూరప్‌లో ఏళ్ల తరబడి ఆడి, 31వ ఏట వాషింగ్టన్ జట్టుకొస్తే ఆమే 2024లో రూకీ. లీగుకు కొత్త, అంతే.

గోదారి గట్టు:
జాకీ యంగ్ సంగతి నిజంగా మర్చిపోయాను, ఒప్పుకుంటున్నా. కానీ మాస్టారూ, మీ నిమిషాల లెక్క రూకీలకు వర్తించదా? మొదటి పిక్‌కు మొదటి రోజు నుంచే బంతి చేతిలో ఉంటుంది. ఏడో పిక్ బర్టన్ దాని కోసం మూడు జట్లు తిరిగింది.

శీను గారూ, మీరు మురిసిపోయిన డేంజర్‌ఫీల్డ్ సంగతి కూడా పూర్తి చేయండి. ఆమె రూకీ అవార్డు గెలిచినప్పుడు ఆడిన మిన్నెసోటా జట్టే 2022లో ఆమెను వదిలేసింది. అప్పుడున్నది 12 జట్లు, జట్టుకు పన్నెండు మందికి మించి చోటు లేదు. కప్పు చూసి ఎవరూ ఆగలేదు.

ఓరుగల్లు పోరడు:
ఆమెను గూడ మీ వింగ్సే తీస్కున్నరా ఏంది శీనన్నా?

ఫ్రిస్కో శీను:
2023లో తీసుకున్నాం. మళ్లీ వదిలేశాం. ఇక అడగొద్దు.