అప్‌డేట్: బోరు కేబుల్ కోసిన మా అక్క కొడుకు సంగతి

మూడు నెలల కింద ఇక్కడే మీ సలహా అడిగాను. నల్గొండ జిల్లాలో మా ఊళ్లో, పదహారేళ్ల మా అక్క కొడుకు ఓ రైతు బత్తాయి తోటలో బోరు మోటారు కేబుల్ కోసి రాగి తీగ అమ్ముకున్నాడు. వాణ్ని జైల్లో వేస్తారేమో అని టెన్షన్.

వేయలేదు. మామూలు దొంగతనానికి మూడేళ్లకు మించి శిక్ష లేదు కాబట్టి, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కేసులు చూసే 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో అది చిన్న నేరం కిందికే వస్తుంది. ఎఫ్ఐఆర్ కట్టలేదు, స్టేషన్ డైరీలో రాసి ఇంటి పరిస్థితుల రిపోర్టు జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపారు. బోర్డులో మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుంటారు. అందులో మేడమ్ వాణ్నే అడిగారు: "ఆ రోజు నుంచి తోటకు నీళ్లెట్ల పారినయో తెలుసా?" వాడు తల ఎత్తలేదు.

కౌన్సెలింగ్, సమాజ సేవ చెప్పి ఇంటికి పంపారు. ఉద్యోగం రాదని భయపెట్టినవాళ్లున్నారు. కానీ ఆ చట్టం 24వ సెక్షన్ ప్రకారం దీనివల్ల వాడికి ఏ అనర్హతా రాదు.

రైతును కలవమని మీలో ఒకరన్నారు కదా, దానికే చేతులెత్తి దండం. కేబుల్ డబ్బు పట్టుకుని వెళ్లాం. పెద్దాయన తిట్టలేదు. ఎండి రాలిన పిందెలు దోసెడు తెచ్చి వాడి చేతుల్లో పోశాడు. "చూడు బిడ్డా, ఆరొద్దులు నీళ్లు లేకపాయె" అన్నాడు. వాడు అక్కడే కూలబడి ఏడ్చాడు.

కొత్త కేబుల్ వేసేటప్పుడు మెకానిక్‌తో పాటు వాడే పట్టుకుని లాగాడు. ఇప్పుడు ఆదివారం మేం చెప్పకుండానే వెళ్లి డ్రిప్ పైపులు సరిచేసి వస్తున్నాడు. అక్క మాత్రం ఇంకా ఆయన ఎదురుపడితే పక్క సందులోంచి పోతోంది.